ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూరగాయలు: వారం సంతలో ఏవి, సూపర్‌మార్కెట్‌లో ఏవి, టర్కీ కొట్లో ఏవి

మీరు అడిగింది ఇదీ: ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి రెండు నెలలైంది, ఇంట్లో ఇద్దరే, రోజూ అన్నం, పప్పు, కూర ఉండాల్సిందే. వారం సంతలో అన్నీ తాజాగా ఉంటాయని ఒకరంటారు, సంతంతా ఖరీదు, ఆల్డీ, లిడ్ల్ లాంటి చవక సూపర్‌మార్కెట్లు చాలని ఇంకొకరంటారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరూ చెప్పింది సగం నిజమే. కొట్టును బట్టి తేల్చుకోబోతే ఏడాది తిరిగినా తేలదు. కూరను బట్టి, నెలను బట్టి తేల్చుకోవాలి. ఇద్దరికి వారానికి సరిపడా కూరల్లో బరువులో సగానికి పైగా ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీలే ఉంటాయి. వీటికి సంత దాకా వెళ్లక్కర్లేదు. ఆకుకూరలు, లేత కాయలు మాత్రం కోసిన రోజును బట్టి రుచి మారేవి. సంతలో ఎక్కువ డబ్బు పెట్టినా దండగ కాని సరుకు అదే. మన వంటకు ప్రత్యేకంగా కావలసినవి ఈ రెండు చోట్లా సరిగ్గా దొరకవు, వాటికి టర్కీ కొట్టుకే వెళ్లాలి.

ముందు సంత సంగతి. జర్మన్లు వోఖెన్‌మార్క్ట్ అనే వారం సంతలో కనిపించే ప్రతి బండీ రైతుది కాదు. చాలామంది తెల్లవారుజామున గ్రోస్‌మార్క్ట్‌లో, అంటే టోకు మార్కెట్లో పెట్టెలు ఎత్తుకొచ్చి అమ్మే వ్యాపారులే. వాళ్ల స్పెయిన్ టమాటా, సూపర్‌మార్కెట్లోని స్పెయిన్ టమాటా ఒక్కటే, ధరే ఎక్కువ. వీళ్లను గుర్తుపట్టడం కష్టమేం కాదు. మార్చి నెలలో బల్ల మీద టమాటా, వంకాయ, మామిడి, అనాస అన్నీ ఒకే సైజులో మెరుస్తూ వరుసగా ఉంటే వ్యాపారి. పది పన్నెండు రకాలే ఉండి, దుంపలకు మట్టి అంటుకుని, చిన్నా పెద్దా కలిసి ఉంటే రైతు. బోర్డు మీద "ఔస్ ఐగెనెమ్ అన్‌బావ్" అని ఉంటే సొంత పొలంలో పండిందని అర్థం. లేకపోతే "ఇస్ట్ దాస్ ఔస్ ఐగెనెమ్ అన్‌బావ్?" అని అడిగేయండి, ఎవరూ నొచ్చుకోరు. రైతులు కూడా కొన్ని రకాలు బయట కొని పెడతారు, వాటిని "త్సూగెకావ్ఫ్ట్" అంటారు. అడిగితే ఏది సొంతం, ఏది కొన్నదో చూపిస్తారు.

మీ ఊళ్లో రైతుల కోసమైతే కాన్‌స్టాబ్లర్‌వాహె కూడలిలో గురువారం, శనివారం జరిగే ఎర్‌త్సోయ్‌గర్‌మార్క్ట్‌కు వెళ్లండి. ఆ పేరుకే పండించేవాళ్ల సంత అని అర్థం. బోర్న్‌హైమ్‌లో బెర్గర్ వీధిలో బుధవారం, శనివారం, షిల్లర్ వీధిలో శుక్రవారం సంతలుంటాయి, వీటిలో రైతులూ వ్యాపారులూ కలిసే ఉంటారు. క్లైన్‌మార్క్ట్‌హాలె అనేది మరో సంగతి. అది 1954లో కట్టిన, పైకప్పున్న బజారు. ఆదివారం తప్ప రోజూ ఉంటుంది. అక్కడి కొట్లలో దొరకని వస్తువు తక్కువే, కానీ వారం సరుకు అక్కడ కొంటే జేబు ఖాళీ. ఎక్కడా దొరకని ఒకటి రెండింటి కోసం వెళ్లే చోటు అది.

సంతలో మనవాళ్లు చేసే మొదటి తప్పు చెయ్యి పెట్టడం. రైతుబజార్లో బెండకాయ కొస విరిచి చూసిన అలవాటు కదా! ఇక్కడ బల్ల మీది సరుకును అమ్మేవాళ్లే తీసిస్తారు, ముట్టుకుంటే ముఖం మాడ్చుకుంటారు. ఏరుకోవాలనిపిస్తే "దార్ఫ్ ఇష్ జెల్‌బ్‌స్ట్ ఔస్‌జూహెన్?" అని అడగండి, చాలామంది సరేనంటారు. ముట్టుకోకుండానే తాజాతనం చూడాలంటే కోసిన చోటు చూడాలి. పాలకూర కట్ట, నూల్‌కోల్, క్యాబేజీ దేనికైనా కాడ కోసిన చోట తెల్లగా, తడిగా ఉంటే నిన్నో ఇవాళో కోసింది. గోధుమరంగుకు తిరిగి ఎండి ఉంటే మూడు నాలుగు రోజుల సరుకు. వంకాయకు తొడిమ చూడాలి, పచ్చగా బిగుతుగా ఉండాలి.

రెండోది తూకం మాట. సంతలో "ఐన్ ప్ఫుండ్" అంటే పౌండు లెక్క కాదు, సరిగ్గా అరకిలో. "హాల్బెస్ ప్ఫుండ్" అంటే పావుకిలో. ధర బోర్డు మీద అంకె కంటే దాని కింద ఉన్న మాట ముఖ్యం. కిలోకా, 500 గ్రాములకా, 100 గ్రాములకా, "బుండ్" అంటే కట్టకా, "ష్ట్యుక్" అంటే కాయకా అన్నది చూసుకోండి. పుట్టగొడుగులు, విడి ఆకులు 100 గ్రాముల ధరతోనే రాసి ఉంటాయి, చూడగానే చవకగా అనిపిస్తాయి. కాయ లెక్కన అమ్మే క్యాలీఫ్లవర్, నూల్‌కోల్ లాంటివైతే ఒకే ధరకు బరువైనది అడిగి తీసుకోండి.

మూడోది ఆకులు. నూల్‌కోల్, ముల్లంగి, బీట్‌రూట్ తీసుకోగానే అమ్మేవాళ్లు ఆకులు పట్టుకుని చటుక్కున మెలిపెట్టి చెత్తబుట్టలో వేసేస్తారు, లేదా "గ్ర్యూన్ అబ్?", అంటే ఆకులు తీసేయాలా అని అడుగుతారు. వాళ్లకది చెత్త, మనకది ఇంకో పూట కూర. "బిట్టె ద్రాన్ లాసెన్" అనండి, ఉంచేస్తారు. లేత నూల్‌కోల్ ఆకు, ముల్లంగి ఆకు పెసరపప్పులో బాగా కలుస్తాయి. ముందు కొన్నవాళ్లు వదిలేసిన ఆకులు పెట్టెలో ఉంటే అడగండి, చాలాసార్లు ఊరికే ఇస్తారు. ఇంటికి రాగానే మాత్రం ఆకులు కోసి దుంపల నుంచి వేరుచేయండి. అలాగే ఉంచితే ఆకులు దుంపలోని నీరు లాగేసి రెండు రోజుల్లో దాన్ని మెత్తబరుస్తాయి.

బేరం ఇక్కడ మర్యాద కాదు. కానీ సంత ఎత్తేసే చివరి అరగంటలో వ్యాపారులు గంపగుత్తగా ధర తగ్గించి అరుస్తారు. ఆ పెట్టెల్లో టమాటా, క్యాప్సికమ్ ఆ రాత్రే వండేసేటట్టయితే లాభం. ఆకుకూరకు మాత్రం ఆ వేళ వెళ్లొద్దు, పొద్దుటి నుంచి గాలికి వాడిపోయి ఉంటుంది. చేతిసంచి, చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, కార్డు తీసుకోని బండ్లు ఇంకా ఉన్నాయి.

ఇక సంతకు తప్పకుండా వెళ్లాల్సిన కారణం ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్‌కే ప్రత్యేకం. ఈ ఊరి ఇష్టమైన వంటకం గ్ర్యూనె సోసె, ఏడు రకాల ఆకులతో చేసే పచ్చని సాస్. ఆ ఏడు ఆకులను కలిపి తెల్లకాగితంలో చుట్టి అమ్ముతారు. ఫ్రాంక్‌ఫర్ట్ గ్ర్యూనె సోసెకు 2016 నుంచి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒబర్‌రాడ్ ప్రాంతంలో తోటలవాళ్లు తరతరాలుగా ఈ ఆకులు పండిస్తున్నారు. ఆ ఏడింటిలో ఒకటి సావర్‌ఆంప్‌ఫర్. అది మన చుక్కకూరకు చుట్టమే, ఒకే ప్రజాతి మొక్కలు. జర్మనీలో చాలా ఊళ్లలో వెతికినా కనబడని ఈ ఆకు మీ దగ్గర వసంతం నుంచి శరదృతువు దాకా సంతలో ఉంటుంది. పొట్లం కొనకండి, అందులో అది కొంచెమే. "నూర్ సావర్‌ఆంప్‌ఫర్" అని విడిగా అడగండి.

దానితో పప్పు చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. 150 గ్రాముల కందిపప్పుకు 150 గ్రాముల ఆకు సరిపోతుంది, కానీ పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే ఆకు వేయాలి. ముందే కుక్కర్లో కలిపి పెడితే పులుపుకు పప్పు బిరుసెక్కి సరిగ్గా ఉడకదు. విడిగా నూనెలో వేస్తే రెండు నిమిషాల్లోనే కరిగి ముదురు ఆలివ్ రంగుకు తిరుగుతుంది, అది చెడిపోయిందని కాదు, పులుపు వల్ల ఆకుపచ్చ రంగు మారడమే. గోంగూర పచ్చడికి మాత్రం ఇది పనికిరాదు. పీచు లేదు, అరకిలో వేయిస్తే గరిటెడు మిగులుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు దీన్ని దూరం పెట్టాలి.

పచ్చిమామిడి పులుపు కావాలంటే ఏప్రిల్ నుంచి రబార్బర్ అనే మొక్క పుల్లని కాడలు వస్తాయి. పప్పులో, పచ్చడిలో మామిడికాయకు దగ్గరగా ఉంటాయి. కాడే తినాలి, ఆకు విషం. ఆస్పరాగస్‌కు, రబార్బర్‌కు ఇక్కడ జూన్ 24న, యోహాన్నిస్‌టాగ్ అనే పండుగ నాడు, కోత ఆపేయడం ఆనవాయితీ. మొక్క మళ్లీ బలం పుంజుకోవాలి కదా. అందుకే జూన్ మొదట్లో నాలుగు కట్టలు తెచ్చి అంగుళం ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టుకుంటే సెప్టెంబర్ దాకా పప్పులోకి లోటుండదు. శీతాకాలంలో ఆ పని బోస్‌కోప్ అనే గరుకుతోలు పుల్ల యాపిల్ చేస్తుంది.

సంతలో నెలల లెక్క గుర్తుపెట్టుకోండి. పాలకూర ఏప్రిల్-మేలో, మళ్లీ సెప్టెంబర్-అక్టోబర్‌లో. చిక్కుడు జాతి జూలై నుంచి సెప్టెంబర్ దాకా. వెడల్పు చిక్కుళ్లను కూరకు మనవాటిలాగే వాడొచ్చు, కానీ పచ్చిగా తినకూడదు, కనీసం పది పన్నెండు నిమిషాలు ఉడకాలి. బయట పొలంలో ఎండకు పండిన టమాటా జూలై చివరి నుంచి అక్టోబర్ దాకా. ఆ మూడు నెలలూ చారుకు, పచ్చడికి సంత టమాటానే కొనండి, ధర చూడకండి. సీజన్ ముగిసేటప్పుడు పండని పచ్చి టమాటాలు అడిగితే తెచ్చిస్తారు, పచ్చిటమాటా పచ్చడికి అదే అదను. ఆగస్టులో ష్మోర్‌గుర్కె అనే లావుపాటి దోస వస్తుంది. గింజలు తీసేస్తే దోసకాయ పప్పుకు చాలా దగ్గర. ముక్క కొరికి చూసి చేదుగా ఉంటే మొత్తం పారేయండి, సొర, గుమ్మడి, దోస జాతుల్లో ఆ చేదు కడుపును పాడుచేసేది. అక్టోబర్‌లో గుమ్మడి. హొక్కాయిడో రకం సూపుకు బాగుంటుంది గానీ మన పులుసులో పిండిపిండిగా అయిపోతుంది. ముక్కలుగా కోసి అమ్మే మస్కాట్ గుమ్మడి మన తీపిగుమ్మడి జాతే, దప్పళంలోకి అదే తీసుకోండి.

నవంబర్ నుంచి మార్చి దాకా సంతలో ఎక్కువ డబ్బిచ్చి టమాటా, వంకాయ, బెండకాయ కొనడంలో అర్థం లేదు. అవి ఏ కొట్టులోనైనా చాలావరకు బయటి దేశాల నుంచి వచ్చేవే. ఆ నెలల్లో చారుకు డబ్బా టమాటా మేలు, ఎండకు పండినప్పుడే కోసి డబ్బాలో పెట్టింది కాబట్టి పులుపూ రంగూ నిలుస్తాయి.

సూపర్‌మార్కెట్‌లో లేబుల్ చదవడం వస్తే చాలు. చాలా కూరలకు దేశం పేరు రాయడం తప్పనిసరి, టమాటా, క్యాప్సికమ్ లాంటి కొన్నింటికి తరగతి కూడా. ఒకటో తరగతి, రెండో తరగతి తేడా ఎక్కువగా పైరూపానిదే, రుచిది కాదు. వంకర క్యారెట్ పులుసులో వంకరగా ఉండదు! ధర బోర్డులో పెద్ద అంకె ప్యాకెట్‌ది, చిన్న అక్షరాల్లో ఉండేది కిలో ధర. 2022 మే 28 నుంచి అది కిలోకే, లీటరుకే రాయాలని నియమం, కాబట్టి రెండు ప్యాకెట్లు పోల్చడం తేలికైంది. వలసంచిలో ఉల్లి, బంగాళాదుంప కొనేటప్పుడు సంచి తిప్పి అడుగు చూడండి, ఒక్క తడి ఉల్లి ఉంటే వారంలో మిగతావన్నీ బూజు పడతాయి. కొన్ని చోట్ల తూకం మనమే వేసి చీటీ అంటించుకోవాలి. పెట్టె పైన బోర్డు మీది నంబరు తూకం యంత్రంలో నొక్కితే చీటీ వస్తుంది. మర్చిపోయి వరుసలో నిలబడితే వెనక్కి పంపిస్తారు. ఆల్డీ, లిడ్ల్‌లలో క్యాషియరే తూచుకుంటారు.

బంగాళాదుంప సంచి మీద మూడు మాటల్లో ఒకటి ఉంటుంది, ఆ ఒక్క మాట పట్టించుకోకపోవడం వల్లే "ఇక్కడి ఆలూ వేపుడు ముద్దవుతోంది" అన్న ఫిర్యాదు. వేపుడుకు "ఫెస్ట్‌కోహెండ్", ముక్క విడివిడిగా నిలుస్తుంది. పూరీకూరకు, ఆలూ పరాఠాకు "మేలిష్‌కోహెండ్", చేత్తోనే చిదమొచ్చు. మధ్యరకం "ఫోర్‌వీగెండ్ ఫెస్ట్‌కోహెండ్" పులుసుకూ కుర్మాకూ. చాలా సంచుల మీద ఆకుపచ్చ, నీలం, ఎరుపు పట్టీలు వరుసగా ఈ మూడింటికీ గుర్తు. ఫ్రీజర్లో పాలకూర కొంటే "బ్లాట్‌ష్పినాట్" తీసుకోండి. "రామ్‌ష్పినాట్"లో మీగడ కలిపి ఉంటుంది, పప్పులో వేస్తే పప్పు పాడవుతుంది.

నిమ్మకాయల దగ్గర ఆగండి. నిమ్మరసం వరకైతే ఏ నిమ్మైనా సరే. ఊరగాయ పెట్టేటట్టయితే లేబుల్ చదవాల్సిందే, ఎందుకంటే మనం తినేది తొక్క. మామూలు వలసంచి మీద మైనం పూసినట్టు, ఇమజలిల్ లాంటి బూజుమందు వాడినట్టు, తొక్క తినడానికి పనికిరాదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. వేడినీళ్లతో కడిగినా అది పూర్తిగా పోదు.  "ఊన్‌బెహాండెల్ట్" అనో "బయో", అంటే సేంద్రియం, అనో ఉన్నవే కొనండి. మొదటిది కోసిన తర్వాత ఏమీ పూయలేదని చెబుతుంది, అంతే. పండించేటప్పుడు మందు కొట్టలేదని కాదు.

ఇక టర్కీ కొట్లు. స్టేషన్ దగ్గర మ్యూన్‌షెనర్ వీధిలో, ఆ చుట్టుపక్కల టర్కీ, ఆసియా కొట్లు వరుసగా ఉంటాయి. ఇక్కడ చేత్తో ఏరుకోవచ్చు, మనకు ప్రాణం లేచొస్తుంది. నాలుగైదు టర్కీ మాటలు వస్తే పని సులువు. "బామ్యా" బెండకాయ. "నానె" పుదీనా. "మైదనోజ్" పార్స్లీ, "కిష్‌నిష్" కొత్తిమీర. ఈ రెండూ పక్కపక్కనే ఒకేలా కట్టి ఉంటాయి, ఆకు నలిపి వాసన చూడకుండా కొంటే సగం సార్లు పార్స్లీ చారే తాగాల్సి వస్తుంది. "సెమీజ్ ఓటు" అంటే మన గంగవాయిలి కూర, కోస్తావాళ్లు గంగపావిలి అనేది. వేసవిలో పెద్ద పెద్ద కట్టలు వస్తాయి, మన ఊళ్లో దొరికేదానికన్నా ఆకు దళసరి, కాడ లావు. పప్పులో అమోఘం. కాడల్లో ఇసుక ఉంటుంది, మూడు నీళ్లు మార్చి కడగాలి.

గుత్తి వంకాయకు సూపర్‌మార్కెట్‌లోని అరకిలో నల్ల వంకాయ పనికిరాదు, దాన్ని కాల్చి పచ్చడికి వాడుకోండి. టర్కీ కొట్లో దోల్మా అనే, లోపల కూరి వండే వంటకం కోసం పెట్టే చిన్న వంకాయలు అడగండి. పచ్చిమిర్చి విషయంలో "సివ్రి" అనే సన్నని పొడవు మిరపలో రెండు రకాలుంటాయి, "ఆజి" అంటే కారం, "తాత్లి" అంటే తియ్యన. "చార్లిస్టన్" అనే లేత పసుపు మిరప కారం లేనిది, బజ్జీలకు అచ్చంగా సరిపోతుంది. తాలింపులోకి, పచ్చళ్లలోకి కావలసిన కారం మాత్రం ఆసియా కొట్లోని థాయ్ మిరపలోనే ఉంటుంది, మన లెక్కలో మూడో వంతు వేయండి. బెండకాయ శనివారం సాయంత్రం కొనకండి, ఆదివారం కొట్లన్నీ మూసి ఉంటాయి కాబట్టి శనివారం మధ్యాహ్నానికే లేతవన్నీ వెళ్లిపోయి ముదురు మిగులుతుంది. సరుకు ఏ రోజు దిగుతుందో కొట్టువాళ్లనే అడగండి, ఒకరోజు ముందూ వెనకల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కరివేపాకు, మామిడిపళ్లు ఊరి నుంచి సూట్‌కేసులో తేవచ్చా అని అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 2019 డిసెంబర్ 14 నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి ఏ పచ్చి పండు, కూర, ఆకు తెచ్చినా మొక్కల ఆరోగ్య పత్రం ఉండాలి. మినహాయింపు ఐదింటికే: అనాస, కొబ్బరికాయ, డ్యూరియన్, అరటిపండు, ఖర్జూరం. పట్టుబడితే తీసి పారేస్తారు. ఇది ఊరికే పెట్టిన రూలు కాదు. కీటకాలు దొరికాయని 2014 మేలో మన మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ మొక్కల దిగుమతినే ఆపేశారు, మామిడిని మళ్లీ 2015లో గానీ రానివ్వలేదు. కరివేపాకు భారతీయ కొట్లో కొని, కడిగి, తడి పూర్తిగా ఆరబెట్టి డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచండి, తీసి నేరుగా నూనెలో వేయొచ్చు. వాసన కొంత తగ్గుతుంది, అయినా ఎండబెట్టిన ఆకు కన్నా ఎంతో నయం.

మీ ఇద్దరికీ వారానికి ఒక లెక్క ఇస్తాను, మీకు తగ్గట్టు మార్చుకోండి. సూపర్‌మార్కెట్‌లో ఉల్లి 2 కిలోలు, బంగాళాదుంప కిలోన్నర, క్యారెట్ కిలో, క్యాబేజీ ఒకటి, అరటిపళ్లు, అల్లం, వెల్లుల్లి. శనివారం పొద్దున తొమ్మిదిన్నర పదికల్లా సంతలో ఆకుకూరలు రెండు రకాలు, సీజన్ కాయ ఒకటి కిలో, వేసవైతే టమాటా కిలోన్నర. అట్నుంచి వస్తూ టర్కీ కొట్లో కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, బెండ లేదా వంకాయ అరకిలో. ఆకుకూర శని, ఆది, సోమవారాల్లో అయిపోవాలి, తర్వాత కాయలు, చివర్లో దుంపలు, క్యాబేజీ. ఈ వరుస తప్పితే శుక్రవారానికి చెత్తబుట్ట నిండుతుంది.

నిల్వలో ఎక్కువగా పాడయ్యేది కొత్తిమీరే. సంతలో నీళ్లు చిలకరించిన కట్టను ప్లాస్టిక్ కవర్‌తో సహా ఫ్రిజ్‌లో తోస్తే రెండో రోజుకే మధ్యలో నల్లగా జిగురవుతుంది. ఇంటికి రాగానే రబ్బర్ తీసి, పసుపు ఆకులు ఏరేసి, కడగకుండా, కాగితం పరిచిన డబ్బాలో పెట్టండి. కాగితం తడిసినప్పుడల్లా మార్చండి, పది రోజులు ఉంటుంది. సూపర్‌మార్కెట్ కుండీ కొత్తిమీరలో ఒకే చోట పాతిక మొలకలు కుక్కి ఉంటాయి, అందుకే అది వారంలో కుళ్లుతుంది. దాన్ని కొన్నవాళ్లు ఆ రోజే మట్టితో సహా నాలుగు ముక్కలు చేసి వేరే కుండీల్లో నాటితే మూడు నాలుగు వారాలు కోసుకోవచ్చు. టమాటా, బంగాళాదుంప, ఉల్లి ఫ్రిజ్‌లో వద్దు. వంకాయ, బెండ ఫ్రిజ్ కింది అరలో మూడు రోజులకు మించి ఉంచితే చల్లదనానికే మచ్చలు పడతాయి, బెండకాయ తడి లేకుండా ఉండాలి. యాపిల్ పక్కన దోసకాయ, ఆకుకూర పెట్టొద్దు, యాపిల్ నుంచి వచ్చే వాయువుకు అవి పసుపెక్కుతాయి.